ఇరవై రెండు సెకన్లు

పెళ్ళయిన మూడో రోజు ఉదయం మా అత్తగారు నన్నో ప్రశ్న అడగబోయి, మధ్యలో ఆపేసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. చేతిలో చెంచా, చెంచాలో చక్కెర. "అమ్మాయ్, నీ కాఫీలో" అన్నంత వరకే మాట బయటికి వచ్చింది. ఇంటి మీదుగా విమానం దిగుతోంది. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి, స్టాండులో గిన్నెల మూతలు ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి. ఆవిడకేదో అయిందనుకున్నాను. పట్టుకుందామని ముందుకు ఉరికాను. ఆవిడ కళ్ళతోనే నవ్వి, అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించారు. విమానం దాటిపోయింది. గిన్నెలు సర్దుకున్నాయి.

"ఎన్ని చెంచాలు వెయ్యను?" అన్నారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

అది మా వీధి పద్ధతి. విమానాలు దిగే దారి సరిగ్గా మా ఇళ్ళ నెత్తి మీదుంది. డాబా ఎక్కితే విమానం చక్రాలు లెక్కపెట్టవచ్చు. పెద్ద విమానమైతే ఇరవై రెండు సెకన్లు, చిన్నదైతే పదిహేను. ఆ కాసేపూ వీధిలో ఎవరూ మాట్లాడరు. ఎక్కడి మాట అక్కడ ఆపి, చప్పుడు పోయాక ఆ తర్వాతి మాట నుంచి అందుకుంటారు. వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చెప్పడం మర్యాద కాదు. పక్కింటి పాప ఎక్కాలు చదువుతూ "ఏడెనిమిదులు" దగ్గర ఆగుతుంది, విమానం వెళ్ళాక "యాభై ఆరు" అంటుంది. ఎదురింటి టైలరు బాబాయి, వాళ్ళావిడ పోట్లాడుకునేటప్పుడు కూడా అంతే. పిన్ని వేలు చూపిస్తూ ఆగిపోతుంది, ఆయన కత్తెర పట్టుకుని ఆగిపోతాడు, ఇద్దరూ మర్యాదగా ఎదురుచూసుకుని మళ్ళీ మొదలుపెడతారు. ఇంత పద్ధతైన పోట్లాట నేను ఎక్కడా చూడలేదు.

నాకు మాత్రం ఆ ఆగడం రాలేదు. నేను ఆరుగురు పిల్లలున్న ఇంట్లో పెరిగాను. చప్పుడు ఎక్కువైతే గొంతు పెంచడం ఒక్కటే మాకు తెలిసిన విద్య. అందుకని విమానం వచ్చినా నా మాట నాదే, అరుస్తూనే ఉండేదాన్ని. పెళ్ళయిన రెండో వారంలో మావారు డ్యూటీకి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి, పైన విమానం ఉంది కదా, ఎవరికీ వినబడదులే అన్న ధైర్యంతో, బలంకొద్దీ "నువ్వంటే నాకు పిచ్చి" అని అరిచాను. అది చిన్న విమానం. పదిహేను సెకన్లకే వెళ్ళిపోయింది. నా పిచ్చి మొత్తం నిశ్శబ్దంగా ఉన్న వీధిలో పడింది. మావారు సైకిలుతో సహా మురుగుకాలవ గట్టుకి గుద్దుకున్నారు. టైలరు బాబాయి కుట్టుమిషను ఆగింది. ఆ తర్వాత నేను ఎప్పుడు కనబడినా ఆయన అడిగేది ఒక్కటే: "ఏమ్మా కొత్తమ్మాయ్, పిచ్చి తగ్గిందా?"

తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఈ కథ మావారి గురించి కాదు, మా అత్తగారి గురించి, మా వీధి చివర ఉన్న ఖాళీ స్థలం గురించి. ఆ స్థలాన్ని కాపాడటానికి వెళ్ళి నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి.

ఆ స్థలంలో ఒకప్పుడు ఇళ్ళుండేవి. విమానాశ్రయం పెరిగినప్పుడు, దిగే దారికి మరీ దగ్గరగా ఉన్నాయని వాటిని కొనేసి పడగొట్టారు. మళ్ళీ అక్కడ ఎవరూ ఇల్లు కట్టడానికి వీల్లేదు. గోడలు పోయినా నేలలు మిగిలాయి. ఒకచోట ఎటూ వెళ్ళని రెండు మెట్లు ఉంటాయి. ఒకచోట ఎర్రటి గచ్చు, దాని మూల పొయ్యి ఉన్న చోటు నల్లమచ్చ. ఆ గచ్చు మా అత్తగారి వంటిల్లు. ఆవిడ కొత్త కోడలిగా అడుగుపెట్టింది దాని మీదే. ఇల్లు పోయాక ఇదే వీధిలో వెనక్కి వచ్చి ఇప్పుడున్న ఇల్లు కొనుక్కున్నారు. మామగారు చనిపోయిన ఏడాది, ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని, విమానాశ్రయం వాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని ఆ స్థలంలో మొక్కల నర్సరీ పెట్టారు. అది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ అనుమతి ఏడాదికోసారి కొత్తది రాయించుకోవాలి.

విమానాల కింద మొక్కలు పెంచడం అంటే మాటలు కాదని నాకు వచ్చాకే తెలిసింది. నడుము ఎత్తు దాటి ఏదీ పెరగకూడదు. పక్షులు తినే పండ్లు కాయకూడదు. గింజ ముదరకముందే పువ్వు తుంచెయ్యాలి. నీళ్ళ డ్రమ్ములకి మూతలుండాలి. పక్షి వస్తే విమానానికి ప్రమాదం. నెలకోసారి విమానాశ్రయం నుంచి ఒకాయన వచ్చి పిట్టలు ఎన్ని ఉన్నాయో చూసి రాసుకుని వెళ్తాడు; ఆయన్ని వీధంతా పిట్టలాయన అంటారు. ఇది తెలియక నేను వచ్చిన కొత్తలో పుణ్యం వస్తుందని నర్సరీ గోడ మీద గుప్పెడు నూకలు చల్లితే, మావారు పరుగెత్తుకొచ్చి తన చొక్కాతో తుడిచేశారు. ఆయన విమానాశ్రయంలో సామాన్ల బళ్ళు లాగే చిన్న ట్రాక్టరు నడుపుతారు. "నీ పుణ్యం విమానం ఇంజన్లో పడితే నా ఉద్యోగం పోతుందే పిచ్చిదానా" అన్నారు. చొక్కా నిండా నూకలతో ఆ మాట అంటుంటే ఎంత బాగున్నారో.

ఇన్ని ఆంక్షల మధ్య మా అత్తగారు పెంచిన చోటు చూస్తే కళ్ళు చల్లబడతాయి. గులాబీలు, చామంతులు, రంగురంగుల క్రోటన్లు, కుండీల మధ్య నడవడానికి బాటలు. ఎర్ర గచ్చు చుట్టూ పుదీనా. ఆ బాటల్లోనే వీధిలో పిల్లలందరూ సైకిలు నేర్చుకున్నారు, మావారితో సహా. సాయంత్రం ముసలివాళ్ళు ఎటూ వెళ్ళని మెట్ల మీద కూర్చుంటారు. మా వీధికి వేరే పార్కు లేదు.

నాలుగో నెలలో నర్సరీ గేటుకి ఒక నోటీసు అంటించారు. ఆ స్థలాన్ని సరుకు లారీలు ఆపుకునే యార్డుగా మార్చాలని నగర ప్రణాళికా సంఘం ఆలోచిస్తోందట. లారీలు రావడానికి, పోవడానికి దారి మా వీధే. అభ్యంతరాలుంటే ఫలానా మంగళవారం సంఘం ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. కింద కారణం కూడా రాశారు: "సదరు ప్రాంతం ఇప్పటికే అధిక శబ్దానికి లోనైనందున, ప్రతిపాదిత వినియోగం వల్ల నివాసులకు అదనపు అసౌకర్యం ఉండబోదు."

నేను చదివి వినిపిస్తే టైలరు బాబాయి సూది నోట్లోంచి తీసి, "అంటే గోరుచుట్టు ఎలాగూ ఉంది కదా, దాని మీద రోకటిపోటు పడినా ఫర్వాలేదంటారు" అన్నాడు.

 మా అత్తగారు వెళ్ళి పుదీనాకి నీళ్ళు పోశారు. పోసిన మడికే మళ్ళీ పోశారు. ఆవిడ ఏ మొక్కకీ రెండుసార్లు నీళ్ళు పొయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడర్థమైంది నాకు, ఆ స్థలం పోతే ఆవిడకి ఏం పోతుందో. ఒకసారి గోడలు పోయాయి. ఇప్పుడు నేల కూడా పోతుంది.

వీధివాళ్ళందరూ మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నారు. వీధి తరఫున ఒక్కరు ముందుగా పేరిచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. కానీ టైలరు బాబాయికి ఇస్తే ఆయన జోకులతో మూడు నిమిషాలూ అయిపోతాయి, ఇంకొకరికి ఇస్తే కోపంతో అయిపోతాయి. చివరికి అత్తగారే మాట్లాడాలని తేలింది. ఏం మాట్లాడాలో రాసిపెట్టే పని కాలేజీ చదువు చదివిన కోడలిది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ ఇంటికి నేను మొదటిసారి పనికొస్తున్నాను.

మూడు రోజులు రాశాను. ఎన్ని కుటుంబాలున్నాయి, పిట్టలాయన రిజిస్టరులో పంతొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు కూడా ఎలా లేదు, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు, అన్నీ పెట్టాను. కాలేజీలో వక్తృత్వపు పోటీలకి నేర్పినట్టు అసలు మాటని చివరికి అట్టేపెట్టాను: యార్డుకి దారి మా వీధిలోంచి వద్దు, స్థలాన్ని మొక్కలకే ఉంచండి అని. అత్తగారు దాన్ని బుద్ధిగా బట్టీ పట్టారు. పొద్దున్నే కుండీలు సర్దుతూ అప్పజెప్పేవారు, నేను వంటింటి టైమరు పట్టుకుని వెనకే తిరిగేదాన్ని. విమానం వస్తే ఆవిడ ఆగేవారు, నేను టైమరు ఆపేదాన్ని. వెళ్ళాక ఆవిడ మొదలుపెట్టేవారు, నేను టైమరు నొక్కేదాన్ని. చివరి రోజుకి సరిగ్గా రెండు నిమిషాల యాభై సెకన్లు. చిలక్కి నేర్పినట్టు నేర్పానని మావారి దగ్గర గొప్పలు చెప్పుకున్నాను.

నేను చేసిన తప్పు ఏమిటో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మాకెవరికీ తెలియలేదు. విమానం కోసం గడియారం ఆపడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు.

మంగళవారం నలభై మందిమి రెండు బస్సులు మారి వెళ్ళాం. సంఘం ఆఫీసు నగరం మధ్యలో, ఆరో అంతస్తులో ఉంది. నేల మీద మెత్తటి తివాచీ, కిటికీలకి రెండేసి అద్దాలు. ఆ హాలులో ఎంత నిశ్శబ్దమంటే నా గాజుల చప్పుడుకి నాకే సిగ్గేసింది. ఎదురుగా బల్ల వెనక ఐదుగురు. మధ్యలో అధ్యక్షురాలు, తెల్లజుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు. మాట్లాడేవాళ్ళ ముందు ఒక చిన్న దీపాల పెట్టె. ఆకుపచ్చ వెలిగితే మొదలుపెట్టాలి, పసుపు వెలిగితే అర నిమిషం ఉన్నట్టు, ఎరుపు వెలిగితే మైకు దానంతటదే ఆగిపోతుంది.

ముందుగా ప్రణాళికల ఇంజనీరు మాట్లాడాడు. కుర్రవాడే, ఇస్త్రీ చొక్కా, చక్కటి పటాలు. కోపం తెచ్చుకుందామన్నా వీల్లేనంత మర్యాదగా ఉన్నాడు. శబ్దమున్న చోట శబ్దం చేసే పని పెట్టడమే న్యాయం కదా, నిశ్శబ్దంగా ఉన్న మరో పేటని ఎందుకు పాడుచెయ్యాలి అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకే సబబుగా అనిపించింది.

తర్వాత మా అత్తగారు. పెళ్ళికి కట్టుకున్న చీరే కట్టుకున్నారు, నా పెళ్ళికి. మైకు ముందు నిలబడి, ఆకుపచ్చ దీపం వైపు చూసి, మొక్కకి నీళ్ళు పోసినంత నెమ్మదిగా, నిలకడగా మొదలుపెట్టారు. కుటుంబాలు చెప్పారు. పిట్టలాయన రిజిస్టరు చెప్పారు. బల్ల వెనక ఒకాయన రాసుకోవడం కూడా చూశాను. రెండున్నర నిమిషాలు కావస్తోంది. "మా పిల్లలు ఆడుకునేది" అన్నారు.

అప్పుడు పైకప్పు మీద ఏదో యంత్రం మొదలైంది. చల్లగాలి మిషను అయి ఉంటుంది. హాలులోకి వచ్చింది చాలా చిన్న చప్పుడు, దూరంగా గొంతు సవరించుకున్నట్టు సన్నటి గుర్రు. కానీ మా వీధిలో విమానం సరిగ్గా అలాగే మొదలవుతుంది.

అత్తగారు ఆగిపోయారు.

వెనక వరసలో ఎవరో బిస్కెట్టు పొట్లం విప్పుతూ ఆగిపోయారు. టైలరు బాబాయి పక్కవాడి చెవిలో ఏదో చెబుతూ నోరు తెరిచి ఆగిపోయాడు. పక్కింటి పాప కాళ్ళు ఊపడం ఆపేసింది. నలభై మందీ బొమ్మల కొలువులో బొమ్మల్లా ఉన్నారు. రాని విమానం వెళ్ళిపోవడం కోసం ఎదురుచూస్తున్నారు.

అధ్యక్షురాలు కళ్ళద్దాల మీంచి చూశారు. "చెప్పండమ్మా, కొనసాగించండి" అన్నారు. మా అత్తగారు ఆవిడకేసి కళ్ళతోనే నవ్వి, అరచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించారు. నగర ప్రణాళికా సంఘం అధ్యక్షురాలిని.

పసుపు దీపం వెలిగింది. నేను చూస్తూనే ఉన్నాను. లేచి చెప్పాలనిపించలేదు. ఎందుకు లేవలేదంటారా? నేనూ ఆగిపోయి ఉన్నాను. మావారి చెవిలో "భలే చెబుతున్నారు కదూ" అనబోయి, "భలే" దగ్గర ఆగి, నోరు తెరుచుకుని ఉన్నాను. నాలుగు నెలలు ప్రయత్నించినా రాని విద్య, రాకూడని చోట వచ్చింది.

ఎర్ర దీపం వెలిగింది. మైకు టక్కున ఆగింది. ఆ టక్కుకి అందరం మేల్కొన్నాం. అత్తగారు "ఆ స్థలంలోనే" అన్నారు. ఆ మాట మైకులోంచి రాలేదు. ఆవిడ ఎర్ర దీపం వైపు చూశారు, తర్వాత వెనక్కి తిరిగి నా వైపు చూశారు. కోపంగా కాదు. పరీక్షలో తప్పిన పిల్ల టీచరుకేసి చూసినట్టు. అసలు మాట, నేను తెలివిగా చివరికి అట్టేపెట్టిన మాట, ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. నా తలకాయ తీసేసినట్టయింది.

"మీ సమయం అయిపోయిందమ్మా," అన్నారు అధ్యక్షురాలు. తర్వాతి కాగితం తియ్యబోయి ఆగి, కళ్ళద్దాలు తీశారు. "నాకొక్కటి అర్థం కాలేదు. మీరంతా ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయారు?"

 ఏమని చెబుతాం? పైన మిషనుని విమానం అనుకున్నామని చెప్పుకోవడం ఎంత నామోషీ.  టైలరు బాబాయి ముందుకు వంగి నా భుజం మీద పొడిచాడు. "లేమ్మా, నీకు అరిచి చెప్పడం అలవాటేగా."

లేచాను.  నా పేరు జాబితాలో లేదని, వచ్చి నాలుగు నెలలే అయిందని చెప్పాను. "మీకు సమయం ఇవ్వట్లేదమ్మా. నేను ప్రశ్న అడిగాను, మీరు జవాబిస్తున్నారు. దానికి దీపం లేదు," అన్నారావిడ.

దీపం లేదన్న మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంతా చెప్పేశాను. కాఫీలో చక్కెర, ఏడెనిమిదులు యాభై ఆరు, వేలు చూపిస్తూ ఆగే పోట్లాట, టైమరు ఆపుతూ నేను నేర్పిన పాఠం. తప్పు మా అత్తగారిది కాదు, నాదని చెప్పాను. నా పిచ్చి సంగతి మాత్రం చెప్పలేదు. హాలులో నవ్వులు వినబడ్డాయి. బల్ల వెనక ఐదుగురిలో ముగ్గురు నవ్వారు. కానీ ఇంజనీరు నవ్వలేదు. లేచి, చాలా మర్యాదగా, "చూశారా మేడమ్, నేను చెప్పిందీ అదే. అంత శబ్దంలో ఉన్నవాళ్ళకి నాలుగు లారీలు ఏం లెక్క?" అన్నాడు.

 నేను చెప్పిందంతా తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టినట్టయింది.

అధ్యక్షురాలు మా అత్తగారి వైపు తిరిగారు. "దీనికి మీరేమంటారు? ఇది కూడా ప్రశ్నే. దీపం లేదు."

అత్తగారు నేను రాసిన కాగితం మడిచి బొడ్డులో దోపుకున్నారు. మైకు లేకుండానే మాట్లాడారు.

"విమానం వస్తుంది, పోతుందండీ. పోయాక మాకు కాస్త నిశ్శబ్దం మిగులుతుంది. మేం బతికేది అందులోనే. పిల్లలకి అన్నం తినిపించినా, చదువు చెప్పినా, మా కోడలు ఏదో ఒకటి వాగినా, అంతా ఆ మధ్యలోనే. ఎంతసేపు ఆగాలో మాకు తెలుసు కాబట్టి మాకు కోపం రాదు. లారీ అలా కాదు. ఒకటి పోకముందే ఇంకోటి వస్తుంది. ఈ బాబు అన్నట్టు మాకు చప్పుడు అలవాటే. కానీ ఆ మధ్యనున్నది కూడా తీసేసుకుంటే, మేం ఆగిన మాట మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి?"

చెప్పి కూర్చున్నారు. కాలేజీ చదువు చదివిన నేను మూడు రోజులు రాసిన దాంట్లో ఈ ముక్క లేదు. పైన మిషను ఇంకా గుర్రుమంటూనే ఉంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.  అధ్యక్షురాలు ఇంజనీరు వైపు చూసి, మీరు ఆ వీధిలో ఎంతసేపు గడిపారు అని అడిగారు. పటాలు, కొలతలు అన్నీ సరిగ్గానే తీశామన్నాడు అతను. "అది కాదు నేనడిగింది," అన్నారావిడ. నిర్ణయం వాయిదా వేసి, వచ్చే వారం తామే వచ్చి చూస్తామన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను అత్తగారికి క్షమాపణ చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నువ్వు టైమరు ఆపకపోతే నేను కాగితంలో ఉన్నది అప్పజెప్పి వచ్చేసేదాన్ని అమ్మాయ్" అన్నారు.  నా చెయ్యి రెండో బస్సు దిగేదాకా తన ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఆ చేతికి మట్టివాసన రెండు రోజులు పోలేదు, నేను పోనివ్వలేదు.

చెప్పినట్టే వచ్చారు, అధ్యక్షురాలు, ఇంజనీరు, ఇంకో ఇద్దరు. ఇంజనీరు గులాబీ కుండీల మధ్య పటం పరిచి వివరిస్తుండగా పెద్ద విమానం వచ్చింది. అతను ఆపలేదు. గొంతు పెంచి, ఇంకా పెంచి, చేతులూపుతూ చెప్పుకుపోయాడు. ఇరవై రెండు సెకన్ల పాటు అతని పెదవులు కదలడం చూశాం, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. అచ్చం నన్ను చూస్తున్నట్టే ఉండి నాకు అతని మీద జాలి పుట్టుకొచ్చింది. విమానం వెళ్ళింది. అప్పుడు నిశ్శబ్దం దిగింది. డ్రమ్ము మూత కింద నీటిబొట్టు పడిన చప్పుడు. వీధిలో టైలరు బాబాయి మిషను మళ్ళీ అందుకుంది. నాలుగిళ్ళ అవతల నుంచి పాప గొంతు: "నూట ఎనిమిది." పన్నెండో ఎక్కంలో ఉన్నట్టుంది.

ఇంజనీరు ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. తర్వాత పటం చూశాడు. ఆ తర్వాత అతను గొంతు పెంచలేదు. మా అత్తగారి పక్కన ఎర్ర గచ్చు మీద నిలబడి, ఇది ఏమిటని అడిగాడు. "మా వంటిల్లు," అన్నారావిడ. ఆ మూల నల్లమచ్చ దగ్గర అతను బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఎవరూ చెప్పలేదు అతనికి. అధ్యక్షురాలు ఎటూ వెళ్ళని మెట్ల మీద కూర్చుని, రెండు విమానాలు వచ్చి వెళ్ళేదాకా అలాగే ఉన్నారు. రెండోదానికి ఆవిడ తన సహాయకుడితో ఏదో అంటూ మధ్యలో ఆగి, అరచెయ్యి ఎత్తడం నా కళ్ళారా చూశాను.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. అది మా ఇంటి పేర వచ్చినా వీధి మొత్తానిది కాబట్టి, అందరూ నర్సరీలో చేరేదాకా విప్పలేదు. మావారు అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు, ఇంకా పసుపుపచ్చ కోటులోనే ఉన్నారు. చదివే పని ఆయనకి అప్పజెప్పారు. నేను చదివితే కంగారులో ముందు వెనకలు చేస్తానని ఎవరికీ నమ్మకం లేదు.

లారీల యార్డుకి కొత్త చోటు ఇంజనీరే వెతికి ఇచ్చాడట, విమానాశ్రయం అవతలి కంచె పక్కన, ఇళ్ళు లేని పాత దారి మీద. ఆ దారి వెడల్పు చెయ్యడానికి మా స్థలంలో తూర్పు వైపు మూడో వంతు వదులుకోవాలి. అది వినగానే అత్తగారు తూర్పున ఉన్న చామంతుల వైపు చూశారు. "నాటినవాళ్ళం మార్చలేమా ఏంటి, ఆదివారం అందరం కుండీలు మోద్దాం," అంది టైలరు బాబాయి భార్య. మావారు చదువుతూనే ఉన్నారు. "మిగిలిన స్థలమును మొక్కల పెంపకమునకు, వీధివాసుల వినియోగమునకు ఉంచుతూ, ప్రస్తుతమున్న అనుమతిని"

విమానం వచ్చింది.

మావారు ఆగిపోయారు. కళ్ళు మాత్రం కాగితం మీద ముందుకు పరుగెత్తాయి, ఆయనకి తెలిసిపోయింది, మాకు తెలియలేదు. తల ఊపి చెప్పెయ్యవచ్చు. కాగితం మాకేసి తిప్పెయ్యవచ్చు. నలభై మందిలో ఒక్కరు మెడ చాచి చూడవచ్చు. ఎవరూ చెయ్యలేదు. అత్తగారు ఎర్ర గచ్చు మీద కళ్ళు మూసుకుని, అరచెయ్యి ఎత్తి నిలబడ్డారు. పిన్ని బాబాయి చొక్కా కొస పట్టుకుంది. గిన్నెలు లేవు గానీ, డ్రమ్ముల మూతలు వణికాయి. నా జీవితంలో ఇంత పొడుగాటి ఇరవై రెండు సెకన్లు లేవు.

ఆ సెకన్లలో నేను ఒక్కొక్కరినీ చూసుకున్నాను. ఈ వీధిలోకి నన్ను తెచ్చిన మనిషిని, నాకు ఆగడం నేర్పిన మనిషిని, నన్ను ఏడిపించే మనిషిని. నాకు వీళ్ళంతా ఎలా దొరికారా అనిపించింది. ఎవరికి చెప్పుకోను ఆ సంతోషం? మావారి వైపు తిరిగి, అరవకుండా, గొంతు అసలు తెరవకుండా, పెదవులతో మాత్రం గుమ్మంలో అరిచిన ఆ పాత మాటే అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. 

విమానం దాటిపోయింది.

"ఐదు సంవత్సరములకు పొడిగించడమైనది," అని చదివారు.

ఎవరూ అరవలేదు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు, అంతే. అత్తగారు కళ్ళు తెరిచి, వంగి, గచ్చు మీద రాలిన పుదీనా ఆకొకటి తీసి చేతిలో నలుపుకున్నారు. అప్పుడు టైలరు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"కొత్తమ్మాయ్," అన్నాడు, "విమానం చప్పుడులో మాకు వినబడలేదనుకున్నావు కదూ. ఈ వీధిలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నామమ్మా, గొంతు ఆపినా పెదాలు చదవడం మాకు రాదా?"